పాత కారుకు అసలు విలువ.. పాలసీలో ఆ ఒక్క మాటే కీలకం

ఆగస్టు వస్తే మా మిషిగన్‌లో రోడ్లు యాభై, అరవై ఏళ్లు వెనక్కి వెళ్లిపోతాయి. ఆ నెల మూడో శనివారం పాంటియాక్ నుంచి ఫెర్న్‌డేల్ దాకా ఉడ్‌వర్డ్ అవెన్యూ పొడవునా పాత కార్లు బారులు తీరతాయి. 1995లో మొదలైన ఈ డ్రీమ్ క్రూజ్‌లో ఇప్పుడు మన తెలుగువాళ్లూ కనిపిస్తున్నారు, అదీ స్టీరింగ్ వెనకాల. పిల్లలు కాలేజీకి వెళ్లిపోయాక ఏ మస్టాంగో, బీటిలో కొని శని, ఆదివారాలు దాని సేవలో గడిపేవాళ్లు నాకే నలుగురైదుగురు తెలుసు. నేనూ ఆ బాపతే. విజయవాడ ఆటోనగర్ పక్కన పెరిగినవాడికి రేకు కొట్టే చప్పుడు జోలపాటతో సమానం మరి.

మేం కలిస్తే కార్బ్యురేటర్ గురించి, పెయింటు గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. ఇన్సూరెన్స్ మాట మాత్రం ఎవరి నోటా రాదు. మా ఊళ్లోనే ఉండే నెల్లూరు పెద్దాయన ఒకరికి జరిగింది చూశాక నాకు ఆ కాగితాల మీద శ్రద్ధ పెరిగింది.

ఆయన ఆటో కంపెనీలో రిటైరయ్యారు. 1972 నాటి బీటిల్ కన్వర్టబుల్‌ను మూడేళ్లపాటు ముచ్చటపడి బాగు చేయించుకున్నారు. పాలసీలో 24 వేల డాలర్లని రాయించారు. ఒక ఆదివారం పొద్దున కూడలిలో ఒక పికప్ ట్రక్కు పక్క నుంచి వచ్చి కొట్టింది. ఆయనకు చిన్న గాయం కూడా కాలేదు కానీ బండి టోటల్ లాస్. కంపెనీ ఇస్తామన్నది 13 వేలు!

తప్పు ట్రక్కువాడిది కదా, వాడి దగ్గర రాబట్టొచ్చు కదా అనిపిస్తుంది. మిషిగన్ నో-ఫాల్ట్ రాష్ట్రం. రోడ్డు మీద రెండు బండ్లు ఢీకొంటే ఎవరి బండికి వాళ్ల కొలిజన్ కవరేజే దిక్కు. మినీ టార్ట్ కింద అవతలివాడి నుంచి వసూలు చేసుకోగలిగేది, 2020లో చట్టం మారాక కూడా గరిష్ఠంగా 3 వేల డాలర్లే. కాబట్టి మన పాలసీలో ఏం రాసి ఉందన్నదే అసలు సంగతి.

మామూలు కారు పాలసీ ఇచ్చేది యాక్చువల్ క్యాష్ వ్యాల్యూ. అంటే ప్రమాదం జరిగేనాటికి ఆ బండి మార్కెట్ ధర, తరుగుదల పోను. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు అది న్యాయమే. కానీ తుప్పు గీకించి, ఇంజిన్ విప్పి కట్టించి, సీట్లు కుట్టించిన యాభై ఏళ్ల కారును అడ్జస్టర్ అదే కొలతతో చూస్తే మిగిలేది ఏముంటుంది?

రెండోది స్టేటెడ్ వ్యాల్యూ. పెద్దాయనది ఇదే. విలువ మనమే చెబుతాం, దానికి తగ్గ ప్రీమియమూ కడతాం. కానీ కింద నిబంధనల్లో ఇంకో మాట ఉంటుంది. మనం చెప్పిన మొత్తం, ఆనాటి మార్కెట్ విలువ.. ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. 24 వేలన్నది పైకి పోకుండా కట్టిన గోడ మాత్రమే, కిందికి జారకుండా కట్టినది కాదు. నా దృష్టిలో ఇది వినడానికి బాగుండే మాట, అంతకు మించి ఏమీ లేదు.

మూడోది అగ్రీడ్ వ్యాల్యూ. పాలసీ తీసుకునేటప్పుడే ఫొటోలు, బిల్లులు చూసి కంపెనీ, మనం ఒక అంకెకు ఒప్పుకుంటాం. టోటల్ లాస్ అయితే డిడక్టిబుల్ ఉంటే అది పోను ఆ అంకె మొత్తం ఇస్తారు. తరుగుదల బేరం ఉండదు. డిక్లరేషన్స్ పేజీలో ‘అగ్రీడ్’ అని ఉందా, ‘స్టేటెడ్’ అని ఉందా చూడండి. ఏజెంటు ఫోన్‌లో ‘ఫుల్ కవరేజ్ సర్’ అంటే సరిపోదు.

పెద్దాయన ఊరుకోలేదు. ఆయన పాలసీలో అప్రైజల్ క్లాజు ఉంది. ఇద్దరూ చెరో అప్రైజర్‌ను పెట్టుకోవాలి, వాళ్లకు కుదరకపోతే ఇద్దరికీ నచ్చిన అంపైర్ తేలుస్తాడు. బిల్లులు, ప్రమాదానికి ముందు తీసిన ఫొటోలు, అలాంటి బీటిళ్లు అమ్ముడైన ధరలు పోగేసి ఇచ్చారు. ఐదు నెలల తర్వాత 17,500 చేతికొచ్చాయి. అప్రైజర్ ఫీజు ఆయనదే.

మరి ‘అసలు విలువ’ ఎంత? ఇక్కడ మనసు చెప్పేది వేరు, మార్కెట్ చెప్పేది వేరు. నా 1966 మస్టాంగ్ మీద నాలుగేళ్లలో 46 వేల డాలర్లు పెట్టాను. అప్రైజర్ వచ్చి, కింద పడుకుని మరీ చూసి, 33 వేలన్నాడు. ‘మిగతా 13 వేలు నీ సరదా ఖరీదన్నమాట’ అంది మా ఆవిడ. నిజమే. ఖర్చుపెట్టిన ప్రతి డాలరూ విలువగా మారదు, మస్టాంగ్‌లు లక్షల్లో తయారయ్యాయి మరి. పాత కార్ల ధరల పట్టికల్లో స్థితిని ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కిస్తారు. ఒకటి అంటే ప్రదర్శనల్లో బహుమతులు గెలిచే స్థాయి. మన చేతిపని సాధారణంగా రెండుకీ మూడుకీ మధ్య ఆగుతుంది. 350 డాలర్లిచ్చి రాయించుకున్న ఆ రిపోర్టు చూసే కంపెనీ 33 వేలకు ఒప్పుకుంది. ధరలు మారుతుంటాయి కాబట్టి ఏటా రెన్యువల్‌కు ముందు ఆ అంకెను మళ్లీ చూస్తాను.

ప్రీమియం నా ఆఫీసు కారుకు కట్టేదాంట్లో ఐదో వంతు కూడా లేదు. అందుకు తగ్గ షరతులూ ఉన్నాయి. తాళం వేసే గ్యారేజీ ఉండాలి. రోజువారీ వాడకానికి వేరే కారుండాలి. మైళ్లకు పరిమితి ఉంది. ఇక్కడ ఒక తిరకాసు. మిషిగన్‌లో హిస్టారిక్ ప్లేటున్న బండిని మామూలు రోజుల్లో క్లబ్బు కార్యక్రమాలకు, పరేడ్లకు, ప్రదర్శనలకే తీయాలి, ఒక్క ఆగస్టు నెలలో మాత్రం మామూలుగా తిరగొచ్చు. అది రాష్ట్రం ఇచ్చిన వెసులుబాటు. బీమా కంపెనీ కూడా ఇచ్చిందనుకుని ఆఫీసు పార్కింగ్‌లో పెట్టేముందు పాలసీ చదవాలి. మనవాళ్ల పెళ్లిళ్లకు వరుడి ఊరేగింపు కోసం కారు అడుగుతుంటారు. స్నేహానికి ఇవ్వడం వేరు, డబ్బు తీసుకుంటే అది అద్దె వ్యాపారం కిందికి వస్తుంది. నేను ముందుగా కంపెనీకి ఈమెయిల్ రాసి జవాబు దాచుకున్నాకే తాళం ఇస్తాను.

మొన్న మా బావమరిది విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. 80ల నాటి ప్రీమియర్ పద్మిని బాగు చేయించాడట. ‘బావా, ఇక్కడ కూడా అగ్రీడ్ వ్యాల్యూ అడగొచ్చా?’ అన్నాడు. అక్కడ లెక్క వేరు. ఇండియా మోటార్ టారిఫ్ నిబంధనలు అలాంటి పాలసీని 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించిన కార్లకే అనుమతించాయి. పద్మినికి ఉండేది ఐడీవీ. అయితే ఐదేళ్లు దాటిన బండికి, తయారీ ఆగిపోయిన మోడల్‌కి ఐడీవీని పట్టిక ప్రకారం కాకుండా కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ఆ మాట్లాడుకోవడమే మనవాళ్లు చేయరు, ఆన్‌లైన్‌లో చూపించిన అంకె నొక్కేస్తారు. బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఫొటోలు తీసి, రెన్యువల్ గడువుకు ముందే బ్రాంచి ఆఫీసుకు స్వయంగా వెళ్లమన్నాను. రేకు పనికి షెడ్డువాళ్లు బిల్లు ఇవ్వలేదట. ఇప్పుడు ఆటోనగర్‌లో దానికోసం తిరుగుతున్నాడు.