నేర్చిన ఉపాయం రెండో బెంచీకి చేరుతుందా?

మా కుర్రవాడు కన్నడ బడిలో పదహారో ఎక్కం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పుతాడు. మొన్న వాళ్ళ నాయనమ్మ, "మీటరు పదహారు రూపాయల లేసు, ఏడు మీటర్లకు ఎంత అవుతుందిరా?" అని తెలుగులో అడిగేసరికి బిక్కమొహం వేశాడు. ఎక్కం రాక కాదు. అది ఇంట్లో కూడా పనికివస్తుందని వాడికి తోచలేదు, అంతే.

పాఠాలు చెప్పే పెద్దవాళ్ళకూ ఇదే జరుగుతుందంటే వింతగా ఉంటుంది గదా! కాని జరుగుతుంది.

బడిపిల్లల ఇబ్బందులు చూసే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రతి పిల్లవాణ్ణీ తామే చూడబోక, ఉపాధ్యాయులతో కూర్చుని, వారి చేతనే సరిచేయించే పద్ధతి ఒకటి ఉన్నది. దీనికి ఆద్యులలో జెరాల్డ్ కాప్లన్ అనే మానసిక వైద్యుడు ముఖ్యుడు. 1948 తరువాత ఇజ్రాయేలుకు వలస వచ్చిన సుమారు 16,000 మంది పిల్లల భారం ఆయన చిన్న బృందం మీద పడింది. పిల్లలు నూటికి పైగా వసతిగృహాలలో చెదిరి ఉన్నారు. అందరినీ యెరూషలేముకు రప్పించడం కాని పని. అందుచేత తామే వెళ్ళి, పిల్లలను సాకేవారితో మాట్లాడారు. ఒక పిల్లవాని విషయంలో నేర్చుకున్నది రేపు ఇంకొకరికి ఉపయోగిస్తారనే ఆశే ఈ పద్ధతికి పెట్టుబడి. తరువాత ఇది అమెరికా బళ్ళలో బాగా పెరిగింది.

ఆశ నెరవేరుతుందా అన్నదే చిక్కు. ఒక ఉదాహరణ చెప్పుకుందాము. రెండో తరగతిలో ఒకడు మాటిమాటికీ లేచి తిరుగుతాడు. టీచరమ్మ ప్రతిసారీ కేకలు వేస్తుంది. సలహాదారు వచ్చి, ఎన్నిసార్లు లేస్తున్నాడో వారం రోజులు లెక్క వేయించి, "లేచినప్పుడు కాదు, కుదురుగా కూర్చున్నప్పుడు పలకరించండి, ఎందుకు మెచ్చుకుంటున్నారో చెప్పండి" అంటాడు. నెలలో పిల్లవాడు కుదుటపడ్డాడు. సంతోషమే. కాని రెండో బెంచీలో ఒక పిల్ల అడగకుండానే జవాబులు అరుస్తుంది. ఆమె మీద మళ్ళీ పాత కేకలే! ఉపాయం తెలియక కాదు. అది ఆ పిల్లవాడి మందు అనుకున్నది.

1977లో స్టోక్స్, బేర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ జబ్బుకు చక్కని పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే 'నేర్పి, ఆశపడి ఊరుకోవడం'. విద్య దానంతటదే వ్యాపించదు, వ్యాపించే ఏర్పాటు కూడా నేర్పడంలో భాగమే అని వారి వాదం. మా ఆఫీసులో కొత్త గుమాస్తాకు ఒక ఫైలు మీద నోటు రాయడం చూపించి వదిలేస్తాము. రెండో ఫైలు రాగానే అతడు మళ్ళీ మన బల్ల దగ్గరే! విసుక్కుంటాము గాని తప్పు మనదే.

మరి ఏర్పాటు ఏమిటి? పిల్లవాడు బాగుపడగానే సలహాదారు సెలవు తీసుకోరాదు. ఆఖరి సమావేశంలో, "ఇటువంటి చిక్కు ఇంకెవరి దగ్గర ఉన్నది? ఈసారి ఉపాయం మీరే చెప్పండి" అని అడిగి, తాను వింటూ కూర్చోవాలి. ఒకరితో ఆపక, వేర్వేరు స్వభావాల పిల్లలు ఇద్దరు ముగ్గురితో చేయించాలి. ఏం చేయాలో చెప్పడంతో సరిపోదు, ఎందుకు పనిచేసిందో కూడా విప్పి చెప్పాలి. హాజరుపట్టీలో నాలుగు ప్రశ్నల చీటీ ఒకటి పెట్టుకున్నా మేలే. 1980లో జాయిస్, షవర్స్ అనేవారు, ఉపన్యాసమూ ప్రదర్శనా చాలవనీ, అభ్యాసం చేయించి, తరగతి గదిలో పక్కన ఉండి దిద్దేవారు కావాలనీ రాశారు. ఆ దిద్దేవారు పక్క తరగతి టీచరైనా కావచ్చును. ఖర్చు లేని పని.

మా ఇంట్లో నాయనమ్మ ఇప్పుడు రోజూ తెలుగులో ఒక లెక్క, వచ్చీరాని కన్నడంలో ఒక లెక్క అడుగుతోంది. నిన్న పాల లెక్కలో నేను చేసిన తప్పు కుర్రవాడు పట్టుకున్నాడు.