విద్యుత్ కార్లు - చార్జింగు కేంద్రమున పాటింపదగిన న్యాయము

పెట్రోలు బంకులో కారు నిలుచునది నాలుగైదు నిమిషములు. విద్యుత్ కారు చార్జింగు కేంద్రమున అరగంటయో, గంటయో నిలువవలసి యుండును. అందుచే అక్కడ అందరును పంచుకొనవలసిన ముఖ్యవస్తువు కాలము. దానిని ఎట్లు పంచుకొనుట న్యాయమో తెలియవలెనన్న, బ్యాటరీ నిండు విధమును ముందుగా గ్రహింపవలెను.

నేటి విద్యుత్ కార్లలో సాధారణముగా లిథియం-అయాన్ బ్యాటరీలుండును. చార్జి చేయునపుడు లిథియం అయానులు ధనధ్రువమును విడిచి, విద్యుద్విశ్లేష్యమను ద్రవమును దాటి, ఋణధ్రువమందలి గ్రాఫైటు పొరలలో చేరును. పత్తి బోరెములో మొదట చేటలకొలది పత్తి పోయవచ్చును. నిండవచ్చినకొలది గుప్పెడేసి కుక్కవలసి యుండును. ఇచటను అంతే. గ్రాఫైటు నిండవచ్చినపుడు కూడ మొదటి వేగముతోనే పంపినచో, అయానులు లోనికి పోలేక పైననే లోహముగా పేరుకొనును. దానివలన బ్యాటరీ ఆయువు తగ్గును, ప్రమాదమును కలుగవచ్చును. కావున వోల్టేజి గరిష్ఠ పరిమితిని చేరగానే కారులోని నియంత్రణ సాధనము విద్యుత్ప్రవాహమును క్రమముగా తగ్గించును. పెక్కు కార్లలో 80 శాతము దాటినపిమ్మట ఈ తగ్గుదల స్పష్టముగా కనబడును.

ఒక లెక్క చూడుడు. బ్యాటరీ 40 యూనిట్లు, అనగా 40 కిలోవాట్-గంటలు, పట్టునదనుకొందము. 20 నుండి 80 శాతము వరకు నింపుటకు 24 యూనిట్లు కావలెను. శీఘ్ర చార్జరు సగటున 40 కిలోవాట్ల చొప్పున ఇచ్చినచో 36 నిమిషములు చాలును. మిగిలిన 8 యూనిట్లకు సగటు 12 కిలోవాట్లకు పడిపోయినచో 40 నిమిషములు పట్టును! ఆ 40 నిమిషములలో వెనుక వేచియున్న మరియొక కారు 24 యూనిట్లు నింపుకొని వెళ్లిపోగలదు.

కాబట్టి వెనుక ఎవరైన వేచియున్నపుడు 80 శాతముతో తృప్తిపడుట మర్యాద. అయితే త్రోవలో ముందు చార్జరు లేని దూరప్రయాణికుడు అంతకుమించి నింపుకొనుట తప్పుగాదు. ఆ సంగతి వేచియున్నవారితో చెప్పుట మంచిది. చార్జింగు ముగిసినను కారును కదలింపకుండుట మాత్రము ఎవరికిని తగదు. టెస్లా కంపెనీ 2016 డిసెంబరులో ఇట్టి కార్లపై నిమిషముల లెక్కన రుసుము విధించెను. 2024లో ఎలెక్ట్రిఫై అమెరికా సంస్థ కాలిఫోర్నియాలోని 10 కేంద్రములలో 85 శాతము కాగానే చార్జింగు నిలిచిపోవు ఏర్పాటును పరీక్షింప మొదలిడెను.

గంటలకొలది కారు నిలుపువారికి ఏకాంతర ప్రవాహమునిచ్చు మంద చార్జరు తగినది. 230 వోల్టులు, 32 ఆంపియరులు గుణించినచో 7.36 కిలోవాట్లు వచ్చును. రాత్రియంతయు నిలుచు కారుకు ఇది సరిపోవును. శీఘ్ర చార్జరు బాటసారులకు మిగులును.

ఇతరుల కారునుండి తీగను ఊడబెరుకుట అనుచితము. తన పని ముగియగానే తీగను నేలపై పడవేయక, యథాస్థానమున తగిలించి వెళ్లవలెను. తీగ చెడిన ఆ చార్జరు ఎవరికిని ఉపయోగపడదు. బ్యాటరీ స్వభావము తెలిసినవానికి ఈ నియమములను వేరుగా బోధింప నక్కరలేదు.