బెంగళూరు నగరమున లెక్క చెప్పుట, లెక్క యడుగుట

జమాబందీ యను మాట తెలుగు పల్లెలకు క్రొత్తది కాదు. ఏటేట రెవిన్యూ అధికారులు కరణపు లెక్కలను తనిఖీ చేసి శిస్తు తేల్చు కార్యమునకు అది పేరు. అడుగువాడు సర్కారు, చెప్పువాడు గ్రామము. 2000వ సంవత్సరమున కర్ణాటక పంచాయతీ నియమములలో ఈ మాటయే తలక్రిందులైన యర్థముతో చేరినది. అచ్చట జమాబందీ యనగా గ్రామపంచాయతీ తన యేడాది జమాఖర్చులను గ్రామస్థుల పరిశీలనకు పెట్టుట. పదము పాతదే, అడుగువాడును చెప్పువాడును స్థానములు మార్చుకొనిరి. రాజధానియైన బెంగళూరున ఈ మార్పు ఎంతవరకు సాగినదో విచారింపదగియున్నది.

దీనికి పూర్వరంగము మైసూరు సంస్థానమున గలదు. 1881లో రాజ్యము ఆంగ్లేయ కమిషనర్ల చేతినుండి పదవ చామరాజేంద్ర ఒడెయరునకు తిరిగి దక్కెను. ఆ యేటనే దివాను రంగాచార్లు ప్రజాప్రతినిధి సభను నెలకొల్పెను. దేశీయ సంస్థానములలో నిట్టి సభ ఇదియే మొదటిదని ప్రసిద్ధి. దసరా దినములలో మైసూరున 144 మంది ప్రతినిధులు కూడిరి. దివాను పాలనా విశేషములను వారికి వినిపించెను. ప్రతినిధులు వినవచ్చును, మనవి చేసికొనవచ్చును. త్రోసిపుచ్చు నధికారము మాత్రము లేదు. 1923 వరకు ఆ సభకు శాసనప్రతిపత్తియే లేకుండెను. అయినను ప్రభువు తనంత తాను లెక్క చెప్పుట ఆ కాలమునకు చిన్న విషయము కాదు.

స్వతంత్ర భారతమున లెక్క యడుగు పని పౌరులే చేపట్టిరి. 1994లో శామ్యూల్ పాల్ నాయకత్వమున బెంగళూరులో ఒక క్రొత్త ప్రయత్నము జరిగినది. బడిపిల్లలకిచ్చు మార్కుల పట్టికను కచేరీలకు వర్తింపజేసి, నీరు, విద్యుత్తు, చెత్త, ఇంటిస్థలము మొదలగువానిపై గృహస్థుల యభిప్రాయములను సేకరించి ప్రకటించిరి. బెంగళూరు డెవలప్‌మెంటు అథారిటీ పనితో తృప్తిచెందినవారు నూటికి ఒక్కరుగా తేలిరి! 1999లోను 2003లోను మరల పరీక్ష జరిగెను. మూడవసారికి మార్కులు బాగుగా హెచ్చినవి. 2002లో పౌరసంస్థలు కొన్ని కలిసి ‘ప్రూఫ్’ అను పేర, నగరపాలిక మూడు నెలల కొకసారి తన ఆదాయవ్యయములను బహిరంగముగా ప్రకటింపవలెనని ఉద్యమించినవి. ఈ రెండింటికిని శాసనబలము లేదు. సిగ్గు కలిగించుటయే వాని బలము.

శాసనబలము పిదప వచ్చినది. కేంద్రమున సమాచారహక్కు చట్టము 2005లో వెలువడగా, కర్ణాటకము 2000లోనే తన శాసనమును చేసికొన్నది. కేంద్ర చట్టము ప్రకారము సాధారణముగా 30 దినములలో సమాధానమీయవలెను. బెంగళూరు తెలుగువారు గమనింపదగిన అంశమొకటి ఇందు గలదు. అర్జీని ఆంగ్లము, హిందీ, లేక ఆ ప్రాంతపు అధికారభాషలో వ్రాయవలెను. అనగా ఇచ్చట కన్నడము. తెలుగు ఆ పట్టికలో లేదు. కాని వ్రాయలేనివాడు నోటితో చెప్పినచో దానిని వ్రాతలో పెట్టుటకు అధికారి తగిన సాయము చేయవలెనని అదే చట్టము విధించినది. తెలుగు మాత్రమే వచ్చిన కూలివానికి ఈ వెసులుబాటు తెలియకున్న, హక్కు ఉండియు లేనట్లే.

2011లో చేసిన సేవల హామీ శాసనము ‘సకాల’ యను పేర 2012 ఏప్రిలులో అమలునకు వచ్చినది. గడువు దాటిన ప్రతిదినమునకు అర్జీదారునకు 20 రూపాయలు, మొత్తము 500కు మించకుండ, పరిహారము నిర్ణయించిరి. సొమ్ము స్వల్పమే. ఆలస్యము విధివ్రాత కాదు, ఒకరి తప్పు అని ప్రభుత్వమే యొప్పుకొనుట విశేషము.

ఇన్ని ద్వారములు తెరచుకొన్నను ముఖ్యమైన దొకటి మూతపడియుండెను. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పెద్ద నగరములకు వార్డు సమితులను విధించినది. గడువు తీరకమునుపే పురపాలక ఎన్నికలు ముగియవలెననియు శాసించినది. బెంగళూరు మహానగరపాలికకు 198 వార్డులుండెను. 2020 సెప్టెంబరులో దాని సభ్యుల కాలము ముగిసినది, ఎన్నికలు జరుగలేదు, పాలన అధికారుల చేతికి పోయినది. 2024 నాటి క్రొత్త శాసనము ననుసరించి 2025 సెప్టెంబరులో దాని స్థానమున అయిదు నగరపాలికలు ఏర్పడినవి. నడుమ గడచిన అయిదేండ్లును ఏ వార్డునకును ఎన్నికైన సభ్యుడు లేడు. వీధి మరమ్మతునకు ఎంత ఖర్చయినదో అర్జీ పెట్టి తెలిసికొన్న పౌరుడు, ఆ కాగితమును చేతబట్టుకొని పోయి ప్రశ్నింపదగిన వార్డు సభ్యుడు ఆ యయిదేండ్లలో నగరమున నొక్కడును లేకపోయెను.