స్నికర్‌డూడుల్

స్నికర్‌డూడుల్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇళ్ళలో విరివిగా తయారుచేసుకునే ఒక రకమైన తీపి బిస్కట్టు. పిండి ఉండలను దాల్చినచెక్క పొడి కలిపిన పంచదారలో దొర్లించి కాల్చడం దీని ప్రత్యేకత. దీని పైభాగం బీటలు వారి, లోపల మెత్తగా, కొద్దిపాటి పులుపుతో ఉంటుంది. ఈ పేరు ష్నెకెన్‌నూడెల్ అనే జర్మన్ పదం నుండి పుట్టిందని ఒక అభిప్రాయం, అర్థం లేని సరదా పదమని మరొక అభిప్రాయం ఉన్నాయి.

కావలసిన పదార్థాలు

- మైదా - 2¾ కప్పులు
- పంచదార - 1½ కప్పులు
- వెన్న - 1 కప్పు
- కోడిగుడ్లు - 2
- క్రీమ్ ఆఫ్ టార్టార్ - 2 చెంచాలు
- వంటసోడా - 1 చెంచా
- ఉప్పు - ¼ చెంచా
- పైపూతకు: పంచదార 6 చెంచాలు, దాల్చినచెక్క పొడి 2 చెంచాలు

తయారుచేసే విధానం

వెన్న, పంచదార, గుడ్లు బాగా గిలకొట్టి మిగిలిన పదార్థాలు కలపాలి. చిన్న ఉండలు చేసి, పైపూత మిశ్రమంలో దొర్లించి, ఎడంగా పేర్చి, ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ వద్ద 8 నుండి 10 నిమిషాలు కాల్చాలి.

పులుపుకు కారణం

క్రీమ్ ఆఫ్ టార్టార్ ద్రాక్షసారా తయారీలో లభించే ఆమ్ల లవణం. ఇది వంటసోడాతో చర్య జరిపినపుడు వెలువడే కార్బన్ డయాక్సైడు వలన పిండి పొంగుతుంది. దీని బదులు బేకింగ్ పౌడర్ వాడితే ఆ పులుపు తగ్గుతుంది.

జాగ్రత్తలు

పచ్చి గుడ్లలో సాల్మొనెల్లా, పచ్చి మైదాలో ఈ.కోలై బాక్టీరియా ఉండవచ్చు. కనుక కాల్చని పిండిని పిల్లలు రుచి చూడకూడదు. కాసియా రకం దాల్చినచెక్కలోని కౌమరిన్ అధికమైతే కాలేయానికి హాని కలుగవచ్చు. సింహళ దాల్చినచెక్కలో ఇది అత్యల్పం. తరచుగా చేసుకునే కుటుంబాలకు ఆ రకమే మేలు.