రాజమహేంద్రవర వీధులలో పాదచారి భద్రత: ఒక పరిశీలన

1. ప్రస్తావన

2015 జూలై 14న, గోదావరి పుష్కరాల తొలిరోజు ఉదయం, రాజమహేంద్రవరం కోటగుమ్మం చేరువలోని పుష్కరఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాటలో పాతికమందికి పైగా మరణించారు. వారిలో ఎవరినీ వాహనం ఢీకొనలేదు. వారంతా నడిచి వచ్చినవారు. ఈ దుర్ఘటనను ఉత్సవ నిర్వహణకు సంబంధించిన విషయంగా మాత్రమే చూడడం పరిపాటి. నడిచేవారికి నగరం ఎంత చోటు కేటాయించింది అనే ప్రశ్న కూడా ఇందులో ఉంది. 2027లో మళ్లీ పుష్కరాలు రానున్నందున ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పుష్కర సమ్మర్దం - నిత్యరద్దీ

చదరపు మీటరుకు ఐదారుగురిని మించి జనం చేరితే ఎవరి కదలికా వారి అదుపులో ఉండదు. ముందు పడిపోయినవారు వెనుకవారికి కనబడరు. ఇరుకైన ప్రవేశం వద్ద వెనుకనుంచి ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. అక్కడ వ్యక్తిగత జాగ్రత్త నిష్ప్రయోజనం.

నిత్యం రద్దీగా ఉండే బజారు వీధిలోనూ ఇదే సూత్రం చిన్న స్థాయిలో పనిచేస్తుంది. మురుగుకాలువ మీది పలకలే కాలిబాట అయినచోట, వాటిమీద మోటారు సైకిళ్లు, దుకాణాల బోర్డులు, విద్యుత్ స్తంభాలు నిలిస్తే పాదచారి రోడ్డుమీదికి దిగక తప్పదు. అది అతని నిర్లక్ష్యం కాదు, అతనికి మిగిలిన ఏకైక మార్గం. అయినా ‘రోడ్డు దాటుతుండగా మృతి’ అనే వార్తాభాషలో క్రియకు కర్త పాదచారే అవుతాడు. వాహన వేగం, వీధి నిర్మాణం ఆ వాక్యంలో కనిపించవు. బాధ్యత ఎవరిదో వాక్యనిర్మాణమే ముందుగా తేల్చివేస్తుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాద మృతులు 1,68,491 మంది. వారిలో పాదచారులు 32,825 మంది, అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు.

3. ప్రమాణాలు

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కాలిబాటలో అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా సాగిపోవడానికి ఆ వెడల్పు అవసరం. వ్యాపార వీధులలో ఇంకా ఎక్కువ కావాలి. కాలిబాట ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదు. ఎత్తు పెరిగితే వృద్ధులు ఎక్కలేక రోడ్డునే ఆశ్రయిస్తారు. స్తంభాలకు, చెట్లకు, చిరువ్యాపారులకు నడకదారి పక్కన వేరే పట్టీ ఉండాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కూడా విక్రయ స్థలాల గుర్తింపును నిర్దేశించింది. కనుక పాదచారి భద్రతకు చిరువ్యాపారిని వెళ్లగొట్టడం ఒక్కటే మార్గం కాదు.

దాటే సమయం మరొక అంశం. 12 మీటర్ల రోడ్డును సెకనుకు 1.2 మీటర్ల వేగంతో నడిచే వ్యక్తి 10 సెకన్లలో దాటుతాడు. 0.8 మీటర్ల వేగంతో నడిచే వృద్ధురాలికి 15 సెకన్లు పడుతుంది. సిగ్నల్ వ్యవధిని ఆమె నడకనుబట్టి నిర్ణయించాలి. అది సాధ్యం కాకపోతే నడుమ ఆగడానికి సురక్షితమైన తిన్నె ఉండాలి.

4. హక్కు

2025 మే 14న సుప్రీంకోర్టు, కాలిబాటలను వినియోగించుకునే పాదచారుల హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం పరిధిలోనిదని స్పష్టం చేసింది. వికలాంగులకు అనువుగా, ఆక్రమణలు లేకుండా వాటిని నిర్వహించాలని పేర్కొంది. దీనితో కాలిబాట పురపాలక సంఘం దయతో కల్పించే సౌకర్యంగా గాక, జీవించే హక్కులో భాగంగా నిలిచింది.

5. ముగింపు

పుష్కరాల పన్నెండు రోజులకు కట్టిన బారికేడ్లు పదమూడవ రోజున తొలగిపోతాయి. రైల్వేస్టేషన్, బస్టాండ్ల నుంచి ఘాట్లకు వెళ్లే దారులలో శాశ్వతమైన కాలిబాటలు నిర్మిస్తే అవి యాత్రికులకు పన్నెండు రోజులు, పౌరులకు పన్నెండేళ్లు ఉపకరిస్తాయి. నిత్యం నడవడానికి చోటు లేని వీధి, లక్షలమంది నడిచి వచ్చిన రోజున హఠాత్తుగా సురక్షితం కాజాలదు. 2027 సన్నాహాలను ఈ దృష్టితో అంచనా వేయాలి.