ఒక్క సూత్రం, యాభై ఎనిమిది వ్యాగన్లు

నాగపూర్-ఆసన్సోల్ రైలుమార్గం 1891లో తెరువబడినది మొదలు బిలాస్‌పూర్ రైలు బండ్ల పట్టణమే. రైల్వే ఉద్యోగాలకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ అనేకం. 2003లో ఆ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైంది. కోర్బా గనుల బొగ్గు మోసే బండ్లకు ఇది ముఖ్యమైన కూడలి.

పూర్వం ‘నంబర్ టేకర్’ అనే ఉద్యోగి గూడ్సు బండి పొడవునా నడచి ప్రతి వ్యాగను సంఖ్యను పుస్తకంలో రాసుకొనేవాడు. ఒక్క అంకె తప్పితే చాలు, సరకు ఒకచోట, లెక్క మరొకచోట!

నేటి వ్యాగను సంఖ్యకు పదకొండు అంకెలు. మొదటి రెండు వ్యాగను రకాన్ని, తరువాతి రెండు దాని స్వంతదారైన రైల్వేను, ఆపై రెండు తయారైన సంవత్సరాన్ని, మరి నాలుగు వరుస సంఖ్యను తెలుపుతాయి. పదకొండవది కాపలాదారు. సరిస్థానాలలోని అంకెల మొత్తాన్ని మూడుతో హెచ్చించి, మొదటి పదింటిలో బేసిస్థానాల మొత్తాన్ని కలపాలి. వచ్చినది పదుల సంఖ్య కావడానికి ఎంత తక్కువో అదే చివరి అంకె.

ఉదాహరణకు 2210123456 అనుకుందాం. సరిస్థానాల మొత్తం 14, మూడింతలు 42. బేసిస్థానాలవి 12. వెరసి 54. అరవైకి ఆరు తక్కువ. కనుక చివరి అంకె 6. ఎనిమిదవ స్థానంలోని 4ను ఎవరైనా 9గా చదివితే ఆ అంకె 1 కావలసివస్తుంది. తప్పు వెంటనే పట్టుబడుతుంది.

బండిలో 58 వ్యాగన్లుంటే ఈ లెక్క 58 సార్లు రాయాలా? అక్కరలేదు. సూత్రాన్ని ఒక్క వ్యాగనుకు రాసి, జాబితాతోపాటు కంప్యూటరుకు అప్పగిస్తే చాలు. ప్రోగ్రామింగులో దీనినే ‘మ్యాప్’ అంటారు. జాన్ మెకార్తీ 1960లో ప్రకటించిన లిస్ప్ వ్యాసంలోనే ఈ భావన కనిపిస్తుంది. పాత జాబితా చెక్కుచెదరదు. అదే వరుసలో 58 ఫలితాలతో కొత్త జాబితా తయారవుతుంది. ఒక వ్యాగను లెక్కకు పక్క వ్యాగనుతో పని లేదు.

అయితే మ్యాప్ సూత్రాన్ని ప్రశ్నించదు. పక్కపక్కనున్న 1, 6 తారుమారైతే ఈ లెక్క పసిగట్టలేదు. 58 సార్లు చేసినా అంతే. సూత్రమే తప్పయితే ఆ తప్పూ 58 సార్లు జరుగుతుంది. పూర్వపు ఉద్యోగి ప్రతి వ్యాగను వద్దా చూపిన జాగ్రత్తను నేడు ఒక్కచోటనే, సూత్రం రాసేటప్పుడే, చూపవలసి ఉంటుంది.