వెదురు నుంచి కర్బనం దాకా: ఒక గాలపు కర్ర కథ

వేసవి సెలవుల్లో అమెరికాలోని కొండవాగుల వెంట కారులో ప్రయాణించే మన కుటుంబాలకు ఒక దృశ్యం తరచు కనబడుతుంది. తొడల దాకా రబ్బరు తొడుగులు వేసుకొని, పారే నీటిలో నిలబడిన మనిషి ఒకడు పొడుగాటి సన్నని కర్రను ముందుకూ వెనకకూ ఊపుతూ ఉంటాడు. కర్ర కొసనుంచి వెలువడిన దారం గాలిలో మెలిక తిరిగి, చాచుకొని, చప్పుడు లేకుండా నీటిమీద వాలుతుంది. చెరువు గట్టున కూర్చొని, గాలానికి ఎర్రను గుచ్చి, బెండు మునిగేదాకా ఓపిక పట్టే మన ఊరి వేటకూ దీనికీ పోలిక తక్కువ. ఇక్కడి ఎర ప్రాణమున్న పురుగు కాదు. ఈకలూ, బొచ్చూ, పట్టుదారమూ కలిపి కొక్కేనికి చుట్టిన బొమ్మ ఈగ. అందుకే దీనికి ఫ్లై ఫిషింగ్ అని పేరు. 1992లో వచ్చిన ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’ అనే చలనచిత్రం తరువాత ఈ క్రీడ మీద మోజు దేశమంతటా పెరిగింది. దుకాణంలో ఆ కర్ర వెల చూసి నివ్వెరపోనివారు తక్కువ. మేలురకం కర్రలు వెయ్యి డాలర్లు దాటుతాయి. ఒక కర్రలో అంత విశేషం ఏముంటుంది?

ముందుగా ఈ వేటలోని చిక్కును గ్రహించాలి. మామూలు గాలంలో సీసపు గుండు బరువుంటుంది. దానిని విసిరితే దారం దాని వెంట పోతుంది. బొమ్మ ఈగకు బరువే లేదు. ఈకను ఎంత బలంగా విసిరినా అది పోయే దూరం ఎంత? అందువల్ల ఇక్కడ బరువంతా దారానిదే. ఈగ దాని తోకన పట్టుకొని పోతుంది. ఈ దారాలకు 1961 నుంచి ఒక ప్రమాణం ఉన్నది. మొదటి 30 అడుగుల దారాన్ని తూచి, ఆ బరువును బట్టి ఒక అంకె ఇస్తారు. ఎక్కువమంది వాడే 5వ అంకె దారంలో ఆ 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. చేతిలోని కర్ర ఈ 9 గ్రాములను గాలిలో నడిపించగలగాలి. కర్ర మీద కూడా అదే అంకె రాసి ఉండటానికి కారణం ఇదే.

ఈ పనిలో కర్ర మీటగానూ విల్లుగానూ ఏకకాలంలో వ్యవహరిస్తుంది. వంగినప్పుడు దాచుకొన్న శక్తిని విల్లు మాదిరిగా తిరిగి ఇస్తుందని సాధారణంగా చెబుతారు. అది నిజమే కాని, దారానికి అందే శక్తిలో మీట వాటాయే ఎక్కువ. వంగడం వల్ల అసలు ప్రయోజనం మరొకటి ఉన్నది. దారం కర్ర కొసను అనుసరించి పోతుంది. ఏమాత్రం వంగని కర్రను ఊపితే దాని కొస గడియారపు ముల్లులాగా వంపు దారిలో తిరుగుతుంది. దారం కూడా విశాలమైన వలయంగా విచ్చుకొని, గాలికి చెదిరి, కుప్పగా పడుతుంది. ఊపు మధ్యలో కర్ర వంగితే దాని పొడవు తాత్కాలికంగా తగ్గినట్లవుతుంది. అప్పుడు కొస వంపుగా కాక దాదాపు సరళరేఖలో ప్రయాణిస్తుంది. దారం ఇరుకైన మెలికతో బాణంలా పోతుంది. కనుక ఎంత బిగువుగా ఉన్నదని కాక, ఎక్కడ, ఎంత వంగి, ఎంత త్వరగా నిలకడకు వస్తుందని అడగాలి. ఒక గాలపు కర్ర గొప్పదా కాదా అనేది ఈ ప్రశ్న మీదనే తేలుతుంది.

కర్రకు మరొక బాధ్యత కూడా ఉన్నది. ఈగను కట్టే నైలాన్ పోగు మందం 0.15 మిల్లీమీటర్లే కావచ్చు. చేప ఒక్క ఉదుటున లాగితే అది తెగకుండా కాపాడేది కర్ర కొసలోని మెత్తదనమే.

ఈ వేట చాలా పాతది. ఈకలూ ఎర్ర ఉన్నీ చుట్టిన కొక్కెంతో మాసిడోనియా ప్రజలు చేపలు పట్టేవారనీ, కర్ర ఆరడుగులు, దారం ఆరడుగులు ఉండేవనీ రోమన్ రచయిత ఈలియానస్ సుమారు 1800 ఏళ్ళ కిందటే వర్ణించాడు. తరువాత శతాబ్దాల తరబడి రకరకాల కలపలతోనే పని గడిచింది. 19వ శతాబ్దంలో వెదురు రంగంలోకి వచ్చి కథను మార్చింది. ఆ వెదురు మొదట వెళ్ళినది మన దేశంనుంచే. కలకత్తా రేవునుంచి ఓడలకెక్కినందువల్ల పాశ్చాత్యులు దానిని ‘కలకత్తా కేన్’ అన్నారు. పెన్సిల్వేనియాలోని ఈస్టన్ పట్టణంలో తుపాకులూ వయొలిన్లూ చేసే శామ్యూల్ ఫిలిప్ 1840లలో ఈ వెదురును చీల్చి, బద్దలను అతికించి కర్రలు తయారు చేశాడు. మెయిన్ రాష్ట్రానికి చెందిన హైరమ్ లెనర్డ్ బద్దలను కచ్చితమైన కోణంలో కోసే యంత్రాన్ని నిర్మించి ఆ పనిని పరిశ్రమగా మలిచాడు.

నిండు వెదురును అలాగే వాడక చీల్చి అతికించడం దేనికి? వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి మొక్క. దాని గోడలో సెల్యులోజ్ నారపోగులు లిగ్నిన్ అనే సహజమైన జిగురులో పొదిగి ఉంటాయి. ఇవి గోడ అంతటా సమంగా ఉండవు. పై పచ్చని తొక్కకు దిగువన దట్టంగానూ, లోపలికి పోయేకొద్దీ పలచగానూ ఉంటాయి. ఇక వంగిన కర్రలో ప్రతిబలం ఎక్కడ ఎక్కువ? ఉపరితలం దగ్గరే, నడిమధ్యన దాదాపు శూన్యం. అంటే బలమైన పదార్థం బయట ఉండాలి, బలహీనమైనది లోపల ఉన్నా ఫరవాలేదు. అందుకే ఆరు బద్దలను 60 డిగ్రీల కోణాల త్రిభుజాలుగా చిత్రిక పట్టి, దట్టమైన నార ఉన్న వైపు బయటకు వచ్చేటట్లు అతికిస్తారు. లోపలి మెత్తని భాగమంతా చిత్రికలో రాలిపోతుంది. ఆరు పలకల నిండు కర్ర మిగులుతుంది. అతికించకముందు బద్దలను సుమారు 175–190 డిగ్రీల సెల్సియస్ వద్ద కొద్ది నిమిషాలు కాలుస్తారు. తేమ పోతుంది, నీటిని పీల్చే హెమిసెల్యులోజ్ కొంత మారిపోతుంది, వెదురు బిగువెక్కుతుంది. రసాయన శాస్త్రం చదవని కమ్మరీ వడ్రంగీ అనుభవంతో కనిపెట్టిన రసాయన ప్రక్రియ ఇది.

కలకత్తా వెదురు మీద తరచు నిప్పుతో కాలిన మచ్చలుండేవి. అంతకంటే సూటిగా, దట్టంగా పెరిగే చైనా వెదురు దొరకగానే తయారీదారులు దానివైపు మొగ్గారు. వ్యాపారులు దానిని ‘టాంకిన్ కేన్’ అన్నా, అది వియత్నాంలోని టాంకిన్‌ది కాదు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు కొండలది. వృక్షశాస్త్రవేత్త మెక్‌క్లూర్ 1931లో దానికి శాస్త్రీయ నామం పెడుతూ ‘అమాబిలిస్’, అంటే ముచ్చటైనది, అన్నాడు. శాస్త్రజ్ఞులకు కూడా అప్పుడప్పుడు మనసు కరుగుతుంది.

వెదురు ఎంత మంచిదైనా కర్ర గొప్పతనం అందులో సగమే. మిగిలిన సగం మొదలునుంచి కొసకు అది సన్నబడే తీరులో ఉన్నది. నిండు కర్ర బిగువు దాని మందానికి నాలుగవ ఘాతంలో మారుతుంది. మందం రెట్టింపైతే బిగువు 16 రెట్లు. కొస దగ్గర రెండు మిల్లీమీటర్లకు లోపుండే మందంలో 5 శాతం తేడా వస్తే బిగువు 21 శాతానికి పైగా మారిపోతుంది! మంచి పనివారు అంగుళంలో వెయ్యో వంతు లెక్కన చిత్రిక పట్టడం చాదస్తం కాదు. వృత్తిరీత్యా ఇంజనీరయిన ఎవరెట్ గారిసన్ వంతెన దూలానికి లెక్క కట్టినట్లు కర్ర పొడవునా ప్రతిబలాలను గణించి, దానిని బట్టి మందాన్ని నిర్ణయించాడు. ఆయన పద్ధతి 1977లో పుస్తకంగా వెలువడింది. వెదురు కర్రలు చేసేవారికి నేటికీ అదే పెద్దబాలశిక్ష.

1950 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం చైనాతో వ్యాపారాన్ని నిషేధించింది. వెదురు రావడం ఆగిపోయింది. 1971లో ఆంక్షలు సడలేదాకా, ముందుగా నిలవ పెట్టుకొన్నవారే వెదురు పని సాగించారు. ఈలోగా గాజు నార వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలోనే ఆర్థర్ హోవాల్డ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు విరిగిన వెదురు కర్రకు బదులుగా గాజు పోగులనూ ప్లాస్టిక్ రెజిన్‌నూ కలిపి కర్రను రూపొందించాడు. షేక్స్‌పియర్ అనే సంస్థ 1940ల చివర దానిని బజారులోకి తెచ్చింది. కర్ర సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. తేమకు చెడదు, పురుగు పట్టదు. కాని గాజు బరువు; పొడుగు కర్రలు చేతికి భారమై, ఊపు ఆగిన తరువాత కూడా కొస ఊగుతూనే ఉండేది.

ఆ లోటును తీర్చినది కర్బనం. దీని పుట్టుక కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది. మన ఇళ్ళలోని ఆక్రిలిక్ స్వెటర్ల నూలుకూ, కర్బన పోగుకూ మూల పదార్థం ఒకటే: పాలీఆక్రిలోనైట్రైల్. ఆ పోగులను సాగలాగి పట్టి, గాలిలో 200–300 డిగ్రీల వద్ద నెమ్మదిగా కాలిస్తే గొలుసులోని అణువులు చుట్టుకొని నిచ్చెన మాదిరి నిర్మాణంగా మారుతాయి. అప్పుడవి కరగవు. తరువాత నైట్రజన్ వాయువులో వెయ్యి డిగ్రీలు దాటించి కాలిస్తే హైడ్రోజన్, నైట్రజన్ బయటకు పోయి, పోగు పొడవునా బారులు తీరిన కర్బన పొరలు మిగులుతాయి. సాగలాగి పట్టడంలోనే కీలకముంది. పట్టు వదిలితే పొరలు చిందరవందరై మామూలు బొగ్గే మిగులుతుంది. జపాన్‌లో అకియో షిండో, ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయంలో విలియం వాట్ బృందం 1960లలో ఈ మార్గాన్ని అభివృద్ధి చేశారు. విమానాల కోసం పుట్టిన ఈ పోగు 1973లో ఫెన్విక్ సంస్థ ద్వారా అమెరికాలో గాలపు కర్ర అయింది. బరువుతో పోల్చి చూస్తే దీని బిగువు గాజు పోగుకు నాలుగు రెట్లకు పైమాటే. వెదురుతో ఎనిమిది అడుగుల కర్ర సుమారు 4 ఔన్సులు తూగితే, కర్బనంతో తొమ్మిది అడుగుల కర్ర 3 ఔన్సులకు మించదు.

ఇక్కడే వ్యాపార ప్రకటనలు కొనుగోలుదారుని తప్పుదారి పట్టిస్తాయి. పోగు ఎంత బిగువైతే కర్ర అంత గొప్పదన్నట్లు యంగ్ గుణకం అంకెలను గొప్పగా ముద్రిస్తారు. ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. గాజు పోగు తన పొడవులో 4 శాతం దాటి సాగితే గాని తెగదు. మామూలు కర్బన పోగు 1.5–2 శాతం సాగుతుంది. అతి బిగువైన రకాలు 1 శాతం దగ్గరే తెగిపోతాయి. అంటే బిగువుకోసం ఓర్పును అమ్ముకొన్నట్లే. రాతికి తగిలి పైన కనపడీ కనపడని గాటు పడిన అటువంటి కర్ర, నెల తరువాత చిన్న చేపకే ఫటీమని విరుగుతుంది. పైగా ఎక్కువ బిగువైన కర్ర వంగాలంటే ఎక్కువ దారం బయట ఉండాలి. ఇరవై అడుగుల వెడల్పు వాగులో, పది గజాల దూరంలో మేస్తున్న చేపకు అది పనికిరాదు. అక్కడ నిదానంగా వంగే వెదురో, గాజో హాయి. వాటిని ఇప్పటికీ తయారు చేస్తున్నవారు పాతమీది వ్యామోహంతోనే చేస్తున్నారనుకోవడం పొరపాటు.

కొనదలచినవారు దుకాణంలో కర్రను ఊరికే ఊపి చూడడం వల్ల తెలిసేది స్వల్పం. దారం ఎక్కించి, ఆరుబయట, తాము వేట చేయదలచిన దూరానికే విసిరి చూడాలి. దారం మెలిక ఇరుకుగా ఉన్నదా, కొస ఒకటి రెండు ఊపుల్లో నిలకడకు వచ్చిందా, మణికట్టు నొప్పి పుట్టిందా అన్నవి గమనించాలి. కొత్తవారికి, పదేళ్ళు దాటిన పిల్లలకు తొమ్మిది అడుగుల, 5వ అంకె కర్ర చాలు. దానికి వెయ్యి డాలర్లు పోయనక్కరలేదు. చేప లాగి విరిగే కర్రలకంటే కారు తలుపు సందులో పడి విరిగే కర్రలే ఎక్కువని మరమ్మతు చేసేవారు చెబుతారు.

పిల్లలకు తప్పక చెప్పవలసినది మరొకటి. వెదురూ గాజూ పొడిగా ఉన్నప్పుడు విద్యుత్తును ప్రసరింపజేయవు. కర్బనం చక్కని వాహకం. తొమ్మిది అడుగుల కర్బన కర్రను ఎత్తి పట్టుకొని విద్యుత్ తీగల కిందుగా నడవకూడదు. ఉరుము వినబడగానే కర్రను నేలమీద పెట్టి, నీటిలోనుంచి బయటకు వచ్చి, కారులో కూర్చోవాలి.